గుయ్యిమనే డబ్బా

కొత్తకోటలో ఉత్త హసన్ అని అడిగితే ఎవరూ ఆనవాలు పట్టరు. గిటారు హసన్ అంటే సగం మందికి తెలుస్తుంది. డబ్బా హసన్ అని అడిగి చూడండి, బెంగుళూరు రోడ్డు మీద టీ కోసం ఆగిన పరాయి రాష్ట్రపు లారీ డ్రైవరు కూడా వేలు చూపించి దారి చెబుతాడు.

ఆ డబ్బా ఆయన గిటారుకు పెట్టుకున్న యాంప్లిఫయరు. మనిషి నడుము దాకా ఎత్తు, ఒంటి మీద లారీ సీట్లకు వేసే ఎర్ర రెగ్జిన్, ముందు ఇనుప జాలీ, వెనక వెలిగే గాజు వాల్వులు. దాని మోత గురించి హసన్ చెప్పే ముచ్చట ఒకటుంది. పెబ్బేరు సంత పక్కనుంచి పెళ్ళి బరాత్ పోతుండగా ఆయన ఒక్క తీగ మీటాడట. సంతలో అమ్మకానికి కట్టేసిన ఎడ్లు తాళ్ళు తెంపుకుని ఎవరి ఊరికి అవి నేరుగా నడిచి వెళ్ళిపోయాయట. అమ్మినవాడు, కొన్నవాడు, దళారి ముగ్గురూ కలిసి రెండు రోజులు వెతుక్కున్నారట. చెప్పేది హసనే కాబట్టి ఏడాదికి ఒక జత చొప్పున ఎడ్లు పెరుగుతూ వస్తున్నాయి. ఇప్పటికి సంత మొత్తం ఖాళీ అయింది.

అలాంటి డబ్బాను ఇక బ్యాండు బండి ఎక్కనివ్వనని నాగేందర్ తేల్చి చెప్పాడు.

నాగేందర్ బ్యాండు యజమాని. బ్యాండు పెట్టింది వాళ్ళ నాయన గుర్వయ్య. గుర్వయ్య కాలంలో బూరలు, డోళ్ళు, ఒక క్లారినెట్, ఒక గిటారు ఉంటే పెళ్ళి పెళ్ళిలా ఉండేది. కరోనా పోయాక లెక్క మారింది. డీజేవాళ్ళు ఇద్దరు వచ్చి, ఇటుకల గోడలా స్పీకర్లు పేర్చి, ఊళ్ళో రేకుల కప్పులు కదిలించి పోతున్నారు. నాగేందర్ బండికి రంగుల లైట్లు పెట్టించాడు, కొత్త సౌండుపెట్టెలు కొన్నాడు, సతీశ్ అనే కీబోర్డు వాయించేవాణ్ణి తెచ్చాడు. మిగిలింది ఆ డబ్బా.

"భాయ్, నీ డబ్బా లేపాల్నంటె నలుగురు మోసేటోళ్లు గావాలె. వాళ్ల నడుములు పట్టుకుంటె దవాఖానకు నేను తిప్పాలె. జర సోంచాయించు" అన్నాడు నాగేందర్, హసన్ కొట్టు ముందు నిలబడి.

హసన్ పగలంతా ఆటోలకు, లారీలకు సీటు కవర్లు కుడతాడు. నోట్లో ఉన్న దారం తీసి, "మీ బాపు పెండ్లిల నుంచి వాయిస్తున్న దీన్ని. అప్పుడు లేని బరువు ఇప్పుడేంది?" అన్నాడు.

"మా బాపు పెండ్లికి నీ డబ్బా పుట్టనే లేదు."

"అయితె నీ పెండ్లి. ఏదో ఒక పెండ్లి."

నాగేందర్ నవ్వలేదు. సంచిలోంచి ఒక నల్లటి పెట్టె తీసి కుట్టు మిషను మీద పెట్టాడు. పీట అంత ఉంటుంది. పైన ఒక చిన్న తెర, అడుగున కాలితో నొక్కే బటన్లు వరసగా. అతని బావమరిది కొడుకు గోపీకృష్ణ హైదరాబాదులో ఇంజనీరు. కాలేజీలో గిటారు వాయించి, పెళ్ళయ్యాక మానేసి, దీన్ని ఈ సీజనుకు వాడుకొమ్మని ఇచ్చాడు. ప్రపంచంలో ఎన్ని రకాల గిటారు యాంప్లిఫయర్లున్నాయో వాటన్నిటి గొంతులూ ఇందులో ఉంటాయట. ప్రతిధ్వని, వణుకు, గరగర, ఏది కావాలంటే అది. వైరు తీసి నేరుగా బండి సౌండుపెట్టెలకు గుచ్చితే చాలు.

"కోస్గి పెండ్లిల దీంతోని వాయించు. కుదిరితె నువ్వే వాయించుకో, సచ్చేదాంక వాయించుకో. కుదరకుంటె గిటారు ముక్క సతీశ్‌తోని కీబోర్డుల కొట్టిపిస్త. నువ్వు బండెంబడి నడుచుకుంట రా, పెద్దమనిషి లెక్క."

పెద్దమనిషి లెక్క! హసన్‌కు ఆ మాట సూదిలా దిగింది. యాభై ఏడేళ్ళ మనిషి బ్యాండు వెనక ఖాళీ చేతులతో నడవడమంటే, బరాత్‌లో పెళ్ళికొడుకు లేని గుర్రంలా నడవడమే.

ఎదురుగా పల్లికాయ కొనే ఎల్లేశం దుకాణం. విషయం చెవిన పడగానే ఎల్లేశం కాంటా ఖాళీ చేసి పిలిచాడు. "ఏది బరువో సూద్దాం పట్టుకరారి!" అని. ఒక పళ్ళెంలో డబ్బా ఎక్కించారు, రెండో పళ్ళెంలో నల్లపెట్టె పెట్టారు. నల్లపెట్టె గాల్లోకి లేచి, ఎల్లేశం ముక్కుకు తగిలేంత ఎత్తులో ఊగింది. బజారంతా నవ్వింది.

"సూసినవా, ఎవ్వలు గెల్చిన్రు?" అన్నాడు హసన్ మీసం దువ్వుతూ.

"మోసేటోళ్లనడుగు ఎవ్వలు గెల్చిన్రో" అన్నాడు నాగేందర్.

*

డబ్బా పుట్టుక వేరే కథ. కొత్తకోట బయట ఒకప్పుడు గుడారంలో సినిమాలు ఆడేవి. గుడారం ఎత్తేసినప్పుడు కుర్చీలను హోటళ్ళవాళ్ళు, గుడ్డను ధాన్యపు వ్యాపారులు పట్టుకుపోయారు. సినిమా మాటలు వినిపించే యాంప్లిఫయరును మాత్రం ఎవరూ ముట్టలేదు. అది తుప్పు పట్టి, లోపల ఎలుకలు పిల్లల్ని పెట్టిన స్థితిలో ఉంది. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే అహ్మద్ అలీ, హసన్ ఉస్తాద్ అని పిలిచే మనిషి, దాన్ని ఎత్తుకొచ్చాడు. ఎలుకలకు వేరే జాగా చూపించి, దాన్ని గిటారుకు పనికొచ్చేలా మార్చి హసన్‌కు ఇచ్చాడు. పెట్టెకు రెగ్జిన్ కుట్టింది హసన్.

మొదటిసారి దాంట్లో గిటారు గుచ్చిన రోజు హసన్‌కు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. వేళ్ళ కింద తీగ కదలగానే గొంతు జీరబోయిన మనిషి పాడినట్టు ఒక శబ్దం వచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం బెల్లం పాకం వాసనలాంటి శబ్దమది. శబ్దానికి వాసనేమిటని నవ్వేవాళ్ళు నవ్వుతారు. విన్నవాళ్ళకు మాత్రం వాసన వస్తుందని హసన్ ఒట్టేసి చెబుతాడు.

ఒక్కటే లోపం. డబ్బా గుయ్యిమనేది. గిటారు వాయించినా, వాయించకపోయినా, కరెంటు ఇచ్చి కాసేపైతే చాలు, లోపలెక్కడో తుమ్మెద కూర్చున్నట్టు గుయ్యి... మని ఒకటే రాగం. అహ్మద్ అలీకి అది పెద్ద తలవంపు. ఎన్ని తీగలు మార్చాడో, ఎన్ని రేకులు అడ్డం పెట్టాడో. ఎక్కడ పెళ్ళి జరిగినా చివరి వరసలో నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. పెళ్ళి కాగానే దగ్గరికొచ్చి, "గుయ్యి ఒక్కటి పోతలేదురా బేటా. ఫికర్ చేయకు, మల్లొచ్చినప్పుడు తీసేస్త" అనేవాడు. పాతికేళ్ళు ఇదే మాట. రాష్ట్రం వచ్చిన ఏడాది, ఊరంతా రంగులు చల్లుకుని ఎగురుతున్న వారంలోనే, ఆయన కన్నుమూశాడు. గుయ్యి మిగిలిపోయింది.

క్లారినెట్ వాయించే ఎల్లస్వామికి ఆ గుయ్యి అంటే ప్రాణం. బ్యాండులో హసన్‌కున్న ఒకే ఒక్క దోస్తు ఆయనే. పాట మొదలుపెట్టే ముందు ఎల్లస్వామి డబ్బా మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, గుయ్యిలోంచి శృతి పట్టుకునేవాడు. ఆయన్ను పట్టుకుని మిగతా బూరలు. బండి లైట్లన్నీ వేస్తే జనరేటరు మూలిగి గుయ్యి కాస్త కిందికి దిగేది. దాంతోపాటే బ్యాండు మొత్తం దిగేది. లైట్లు ఆర్పగానే పాట పైకి లేచేది. ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఈ మధ్య డబ్బా దగ్గుతోంది. అడ్డాకుల బరాత్‌లో పాట మధ్యలో గొంతు పూర్తిగా పోయి, నాలుగు గుద్దులు గుద్దితే తిరిగొచ్చింది. ముందు వాల్వు ముసలిదైపోయింది. మహబూబ్‌నగర్ తీసుకుపోతే సెల్‌ఫోన్లు బాగుచేసే అతను వెనక తలుపు తీసి చూసి, "కాకా, గియ్యి బల్బులా?" అన్నాడు. హసన్ డబ్బాను ఆటోలో వేసుకుని, దారి పొడుగునా దానికి సర్దిచెబుతూ తిరిగొచ్చాడు.

*

నల్లపెట్టెను తప్పుపట్టాలని హసన్ చాలా నిజాయితీగా ప్రయత్నించాడు. కొట్టు అరుగు మీద దాన్ని పెట్టుకుని గిటారు గుచ్చాడు. తెర మీద ఒకటి తర్వాత ఒకటి యాంప్లిఫయర్ల బొమ్మలు వచ్చాయి. సీమదొరల పేర్లు, సముద్రాలవతలి పేర్లు. బొమ్మ మారితే గొంతు మారుతుంది. ఒకటి పులిలా గాండ్రిస్తుంది, ఒకటి గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు మోగుతుంది. ఒక బటను నొక్కితే ఆయన గిటారు పెద్ద బావిలో పడి, బావి లోపల్నుంచి తిరిగి జవాబు చెప్పింది. హసన్ ఆగిపోయాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ జవాబు. ఇరవై ఏళ్ళ వయసులో గుడారపు సినిమాలో వచ్చిన గిటారు సరిగ్గా ఇలాగే ఉండేది. ఆ శబ్దం కోసం ఇంట్లో కుండ నోటి దగ్గర గిటారు పెట్టి వాయించి చూసిన రోజులు గుర్తొచ్చాయి. తప్పు వెతకడానికి కూర్చున్న మనిషి సాయంత్రం దాకా లేవలేదు. రెండు ఆటోల సీట్లు కుట్టకుండానే మిగిలాయి.

తప్పులు లేకపోలేదు. ఎండలో తెర కనబడదు. దానికి హసన్ మిగిలిన రెగ్జిన్ ముక్కతో టోపీలాంటి గొడుగు కుట్టి తగిలించాడు. బటన్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. చెప్పులు తీసి బొటనవేలితో నొక్కితేనే ఒక్కటి పడుతుంది, లేకుంటే పులి, బావి రెండూ ఒక్కసారే లేస్తాయి. జనరేటరు ఒక్క క్షణం ఆగితే డబ్బా నెమ్మదిగా నీరసించి మళ్ళీ లేచేది. ఇది టక్కున ఆరిపోయి, మళ్ళీ మొదట్నుంచి తెర మీద తన పేరు చూపించి, అందరికీ సలాం చెప్పి, అప్పుడు గొంతు విప్పుతుంది. అంతలో పెళ్ళికొడుకు ఇంకో వీధికి వెళ్ళిపోతాడు.

గొప్పతనాల్లో గొప్పతనం, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని వాయిస్తే బయటికి చప్పుడే రాదు. హసన్ భార్య జీనత్ దీనికి మొదట అల్లాకు షుక్రియా చెప్పుకుంది. జీనత్‌ది ఇంట్లో ఉర్దూ. కోపమొస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. తిట్టడానికి తెలుగులో జాగా ఎక్కువని ఆమె నమ్మకం. మూడో రోజు తెలుగులోకి దిగింది.

"నువ్వు వాయిస్తున్నవో, కూసున్నకాన్నే పండుకున్నవో నాకెట్ల తెల్వాలె? అన్నం పెట్టాల్నా వద్దా?"

"ఇన్నేండ్లు చప్పుడని మొత్తుకుంటివి గద."

"చప్పుడుంటె మొగడు ఇంట్లున్నట్టు ఉంటది. ఇప్పుడు గోడ ఉన్నట్టుంది."

గోపీకృష్ణ ఫోనులో ఇంకో సంగతి చెప్పాడు. పాత డబ్బా గొంతును కూడా ఈ పెట్టెలోకి దించవచ్చట. డబ్బా ముందు మైకు పెట్టి కాసేపు వాయిస్తే, పెట్టె విని నేర్చుకుంటుందట. "రేపాదివారం వస్త అంకుల్, దించుకుందాం" అన్నాడు. హసన్‌కు రోషం వచ్చింది. అహ్మద్ అలీ చేసిన డబ్బాకు నకలా? "ఏం అవసరం లేదు. అసలు బతికే ఉంది" అని ఫోను పెట్టేశాడు. ఆ ఆదివారం రాకముందే అసలు మూగబోయింది. గుద్దినా, బతిమాలినా, జీనత్ చేత తిట్టించినా గిటారు శబ్దం దాంట్లోంచి బయటికి రాలేదు.

*

కోస్గి పెళ్ళి బరాత్‌ను మాత్రం చూడాల్సిందే. హసన్ చెప్పులు విడిచి, పాంటు పైకి మడిచి, బండి మీద నిలబడి పులిని వదిలాడు. సంత వీధిలో మిరపకాయ బజ్జీలు వేయించే మనిషి గరిటె ఎత్తి అలాగే నిలబడిపోతే బజ్జీలు మాడి బొగ్గులయ్యాయట. అవి కూడా ఎగబడి కొన్నారట. ఎగిరేవాళ్ళు ఎగురుతూనే ఉన్నారు. నాగేందర్ డోలు పక్కన పెట్టి వచ్చి, "భాయ్, ఏం వాయిస్తున్నవే!" అని హసన్ జేబులో తమలపాకు చుట్ట పెట్టాడు.

"సూడు, చడీచప్పుడు లేదు. నీ డబ్బా అయితె ఈపాటికి చెవుల్ల గుయ్యిమనుకుంట ఉండేది. ఇది సాఫ్!" అన్నాడు. పెట్టెలో ఒక తలుపులాంటిది ఉందట. వాయించనప్పుడు అది మూసుకుని ఏ చిన్న గురకనూ బయటికి రానివ్వదు.

హసన్‌కు సంతోషంగానే ఉంది. దొంగతనంగా తిన్న మిఠాయి సంతోషం.

మరుసటి రోజు పగలు అప్పగింతలు. పెళ్ళికూతురి చెయ్యి పాలగిన్నెలో ముంచి అత్తమామల చేతిలో పెట్టే వేళకు బ్యాండు మెల్లని పాట అందుకోవాలి. ఏ బ్యాండు గొప్పదనాన్నయినా ఈ పక్క కొలిచేది బరాత్‌తో కాదు, అప్పగింతలతో. ఆడవాళ్ళు ఎంతమంది కొంగు నోట్లో కుక్కుకున్నారు, పిల్ల తల్లి ఎంతసేపు విడవలేదు, ఇదే లెక్క. గుర్వయ్య బ్యాండు ఈ విషయంలో మూడు తాలూకాల్లో పేరుమోసింది.

పందిట్లో జనం మాటల్లో ఉన్నారు. ఒక పక్క చీరె రంగు గురించి, ఇంకో పక్క పప్పులో ఉప్పు గురించి. ఎల్లస్వామి అలవాటు కొద్దీ పక్కకు చెయ్యి చాపాడు. డబ్బా ఉండాల్సిన చోట గాలి తగిలింది. చెవి ఒగ్గాడు. ఏమీ లేదు. హసన్ వైపు చూశాడు. హసన్ కూడా ఆయన ఎత్తుకోవాలని ఆయన వైపే చూస్తున్నాడు. కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగేందర్ కళ్ళెర్రజేసేసరికి ఇద్దరూ ఒక్కసారే అందుకున్నారు.

క్లారినెట్ ఒక దారి పట్టింది, గిటారు ఒక దారి. ఒకటి జడ్చర్ల బస్సు, ఒకటి రాయచూరు బస్సు. మధ్యలో బూరలు ఏ బస్సెక్కాలో తెలియక స్టాండులోనే మిగిలిపోయాయి. హసన్ కంగారులో బొటనవేలు జార్చాడు. పాలగిన్నె ముందు, ముత్తయిదువుల నడుమ, పులి గాండ్రించింది.

పెళ్ళికూతురు పకపకా నవ్వింది. ఆపుకోబోయి మళ్ళీ నవ్వింది. చేతిలో పాలు అత్త చీరె మీద పడ్డాయి. పిల్ల తల్లి ఏడవడానికని కొంగు తీసినది తీసినట్టే పట్టుకుని నిలబడింది.

"ఓ బ్యాండాయనా!" అని పిల్ల నానమ్మ కర్ర పట్టుకుని లేచింది. "ఎంతమంది బిడ్డల్ని సాగదోలిన్రు మీరు? మీకు ఏడిపిచ్చుడు రాదా? నవ్వుకుంట పోయె నా మనుమరాలు. రేపు అత్తగారోళ్లు ఏమంటరు? పుట్టింట్ల ఉండనీకి ఓపిక లేకుండె, ఉరుక్కుంటొచ్చింది అనరా?"

నాగేందర్ తల ఎత్తలేదు. తిరుగు దారిలో బండి మహబూబ్‌నగర్ దాటింది. ఆ తర్వాత అతనే అన్నాడు.

"మా బాపు పోయినంక ఇంత మాట ఎన్నడు పడలే. భాయ్, వచ్చే నెల మా భాగ్యలక్ష్మి పెండ్లి. బరాత్‌ల నువ్వే వాయించు, కాదంటలేను. అప్పగింతలు మాత్రం సతీశ్ కీబోర్డుల కొడతడు. నువ్వు కుర్చీల కూసో."

*

హసన్ నాలుగు రోజులు మాట్లాడలేదు. కొత్తకోట చరిత్రలో అంత పొడుగు మౌనం ఎవరూ ఎరగరు. అయిదో రోజు ఎల్లస్వామి క్లారినెట్ పట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"ఏందిరో, దాన్ని అమ్మేస్తున్నవంట? పాతసామాన్లోడు చెప్పిండు."

"ఉంచుకోని ఏంజెయ్యాలె? గొంతు పోయింది."

"ఒక్కసారి కరెంటియ్యి. చివరిసారి సూసుకుంట."

హసన్ వైరు గుచ్చాడు. వాల్వుల్లో ఒకటి నల్లగా ఉండిపోయింది. మిగిలినవి మెల్లగా ఎర్రబడ్డాయి. గిటారు మీటాడు. ఏమీ లేదు. హసన్ వైరు పీకబోయాడు. అంతలో, లోతు నుంచి, నిద్రలోంచి లేచి కూర్చున్నట్టుగా, గుయ్యి... మొదలైంది.

ఎల్లస్వామి చెయ్యి తనంతట తానే వెళ్ళి డబ్బా మీద వాలింది. కళ్ళు మూతపడ్డాయి. క్లారినెట్ నోట్లో పెట్టుకుని ఒక్క స్వరం వదిలాడు. గుయ్యి మీద అది పాలల్లో మీగడలా కూర్చుంది.

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి జీనత్ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఉల్లిగడ్డ, కత్తి.

"ఎవరి పెండ్లి?" అంది.

"ఎవరిదీ కాదు. ఎందుకు?"

"ఏమో. గుయ్యిమనంగనె గజాలాను పంపిన దినం యాదికొచ్చింది." ముక్కు ఎగబీల్చి, "ఉల్లిగడ్డ ఘాటు" అని లోపలికి వెళ్ళిపోయింది.

హసన్, ఎల్లస్వామి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గజాలా హసన్, జీనత్‌ల పెద్దబిడ్డ. ఆమె నిఖా రోజు కూడా ఇదే బ్యాండు, ఇదే డబ్బా. ముప్పై ఏళ్ళుగా ఈ పక్క ఊళ్ళలో ఆడపిల్లను పంపే ప్రతి ఇంట్లో పాటకంటే ముందు గుయ్యి వినబడింది. గుయ్యిమనగానే ఆడవాళ్ళ మాటలు ఆగేవి. పాట వచ్చేసరికి సగం ఏడుపు అయిపోయి ఉండేది. ఇన్నాళ్ళూ అదంతా తన వేళ్ళ మహిమేనని హసన్ చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి కొంచెం తక్కువైంది. అయినా ఆయనకు నవ్వొచ్చింది.

"ఎల్లస్వామీ, మోసేటోళ్లు నలుగురు గావాలె."

"నాగేందర్ సూస్తె బండి మీదికెల్లి నిన్ను, దాన్ని కలిపి దొబ్బుతడు."

"దొబ్బనియ్యి. ఇద్దరం గుయ్యిమనుకుంట కింద పడతం."

*

భాగ్యలక్ష్మి పెళ్ళి కొత్తకోట ఫంక్షన్ హాల్లో. నాగేందర్ ఆ రోజు డోలు ముట్టలేదు. పట్టు పంచె కట్టుకుని వంటవాళ్ళ మీద, ఫొటోవాళ్ళ మీద, కనబడిన ప్రతి మనిషి మీద అరుస్తూ తిరిగాడు. హసన్‌కు అదే కలిసొచ్చింది. బ్యాండు కూర్చునే మూలకు కుర్చీల దొంతరల మధ్యలోంచి డబ్బాను చేర్చారు. దానికి కొత్త రెగ్జిన్ కుట్టాడు, పెళ్ళి కదా అని మెరుపు దారంతో. పక్కనే నల్లపెట్టె, దాని టోపీతో సహా. దాంట్లో బావి గొంతు తప్ప మిగతా బటన్ల మీద రెగ్జిన్ పట్టీ బిగించాడు. పులికి ఆ రోజు సెలవు.

"కాకా, అప్పగింతలు నన్ను కొట్టుమన్నడు అన్న" అన్నాడు సతీశ్, బిక్కమొహం పెట్టి.

"కొట్టు. నేను వద్దంటినా? జర అంత ఆగి కొట్టు."

పాలగిన్నె వచ్చింది. నాగేందర్ కూతురి పక్కన నిలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు గాని కళ్ళు గేటు వైపు, కారు వచ్చిందా లేదా అని. "గా కారు ముందలికి పెట్టుమను! ఎంతసేపు!" అని కేకేశాడు. హాలంతా గోలగా ఉంది. వియ్యంకుడు ఫోను మాట్లాడుతున్నాడు.

హసన్ వంగి స్విచ్చి వేశాడు.

ఏమీ కాలేదు. వాల్వులు వేడెక్కాలి. హసన్ అరచేయి రెగ్జిన్ మీద పెట్టి నిలబడ్డాడు. ఇది కూడా పోతే, కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, వెళ్ళి కూర్చోవడమే.

మొదట దగ్గరున్న ముసలమ్మ తల తిప్పింది. తర్వాత వరస. గుయ్యి నేల మీద నీళ్ళలా పాకి హాలు చివరికి పోయింది. చీరెల రంగులు, పప్పులో ఉప్పు, కారు, అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

నాగేందర్ తిరిగి చూశాడు. కుర్చీల వెనక మెరుపు దారం, దాని వెనక హసన్. అతని కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచాడు. హసన్ గిటారును ఒంటికి దగ్గరగా లాక్కున్నాడు, దొబ్బితే గిటారన్నా దక్కాలని.

తిట్టు రాలేదు. గుర్వయ్య చెయ్యి పట్టుకుని ఊరూరా తిరిగిన నాటినుంచి ఇతరుల బిడ్డల కోసం ఆ గుయ్యిని విన్న మనిషి, కూతురి అరచేతి కేసి మొదటిసారి చూసినట్టు చూశాడు. పాలు కారుతున్నాయి. భాగ్యలక్ష్మి "బాపూ" అంది. అంతే, అంత పెద్ద మనిషి ఆమె భుజం మీద తల పెట్టేశాడు.

కాసేపటికి, తల ఎత్తకుండానే, ఒక చెయ్యి వెనక్కి చాపి ఊపాడు. సతీశ్‌కు అర్థం కాక కీబోర్డు మీద వేళ్ళు పెట్టబోయాడు.

"నువ్వాగురా" అంది నాగేందర్ గొంతు, పైటలోంచి. "భాయ్... కానియ్యి."

ఎల్లస్వామి డబ్బా మీద చెయ్యి వేసి శృతి అందుకున్నాడు. హసన్ బొటనవేలితో బావిని తెరిచాడు. పాట నల్లపెట్టెలోంచి వచ్చింది, డబ్బా కింద నిలబడి మోసింది.

ఆ అప్పగింతల గురించి హసన్ ఇప్పుడు చెప్పేది వేరు. వియ్యంకుడు పిల్లను మళ్ళీ పుట్టింట్లోనే వదిలేసి పోతానన్నాడట. వంటవాళ్ళ కన్నీళ్ళు పడి సాంబారుకు ఉప్పు సరిపోయిందట. పెబ్బేరు ఎడ్లలో మిగిలినవి కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాయట. వినేవాళ్ళు నమ్మకపోతే ఆయనకు బాధ లేదు. నాగేందర్ మాత్రం పక్కనుంటే ఎడ్ల దాకా తలూపుతాడు.

బ్యాండు బండి మీద ఇప్పుడు రెండూ ఎక్కుతాయి. మోసేటోళ్ళు సణిగితే నాగేందరే ఒక పక్క పడతాడు. మొన్నొకసారి గోపీకృష్ణ వచ్చినప్పుడు డబ్బా వెనక తలుపు తీసి, "అంకుల్, ఈ గుయ్యి పోవాలంటె ఒక్క చిన్న ముక్క మారిస్తె చాలు, నేను చేస్త" అంటే, నాగేందర్ అతని చేతిలో స్క్రూడ్రైవరు లాక్కుని జేబులో వేసుకున్నాడు.

ఆ పెళ్ళి రోజు అందరూ వెళ్ళాక, ఖాళీ కుర్చీల మధ్య హసన్ డబ్బా స్విచ్చి ఆర్పాడు. గుయ్యి ఒక్కసారే పోలేదు. గేటు దాటి నడిచిపోతున్న మనిషిలా సన్నబడుతూ పోయింది. రెగ్జిన్ ఇంకా వెచ్చగా ఉంది. చివరి వరసలో, అహ్మద్ అలీ ఎప్పుడూ నిలబడి చెవి ఒగ్గే చోట, గోడకు ఆనించిన నిచ్చెన ఒకటి ఉంది. హసన్ అటు చూసి, మీసం దువ్వుకుని, మెల్లగా అన్నాడు.

"తొందరేం లేదు ఉస్తాద్."